ఊరికే వెళ్ళొద్దామని

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఊరు కదలాలంటే ఓ కారణం ఉండాలి. పెళ్ళో, సీమంతమో, పురుడో, గృహప్రవేశమో. అవేవీ లేకపోతే పరామర్శ. అదీ లేకపోతే మొక్కు. మొక్కన్నది మన ముందు తరాల ఆడవాళ్ళు కనిపెట్టిన గొప్ప ఉపాయమని నాకెప్పట్నించో అనుమానం. పిల్లవాడికి జ్వరం తగ్గితే కొండకొస్తానని మొక్కుకుంటే ఇటు జ్వరమూ తగ్గుతుంది, అటు కొండా చూడొచ్చు. దేవుడి పేరు చెప్పాక ఏ మగవాడూ ‘ఇప్పుడెందుకూ?’ అని అడగలేడు కదా!

అందుకే నేను, ‘సంక్రాంతి వెళ్ళాక ఓ అయిదు రోజులు సముద్రం ఒడ్డమ్మట కారులో అలా వెళ్ళొద్దామండీ’ అనగానే మావారు పేపరు దించి, ‘ఎవరిది?’ అన్నారు. పెళ్ళెవరిదని ఆయన ఉద్దేశం.

‘ఎవరిదీ కాదు, ఊరికే.’

ఆయన మళ్ళీ పేపరెత్తారు. రెండు నిమిషాలాగి మళ్ళీ దించారు. ‘ఊరికే అంటే?’

ఊరికే అన్న మాటకి అర్థం చెప్పడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది నాకు. మొత్తానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఇక ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు. మగవాళ్ళ సంగతి మీకు తెలియందేముంది? బయల్దేరదీయడమే కష్టం. బయల్దేరాక ఇక ఎక్కడా ఆగరు.

ఎక్కడికన్నది నేను ముందే అనుకుని ఉంచుకున్నాను. విశాఖపట్నం దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి కారు మాట్లాడుకుని, భీమిలి మీదుగా శ్రీకాకుళం, కళింగపట్నం, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో గోపాలపురం దాకా. బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోనులో ‘గోవా వెళ్ళక అదేమిటమ్మా?’ అన్నాడు. గోవాకేం, బాగానే ఉంటుంది. కాని మనకి లేకపోతే కదా పొరుగింటికి వెళ్ళడం! మన రాష్ట్రానికి 974 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని మేం చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఈమధ్య మళ్ళీ కొలిస్తే వెయ్యి దాటిందిట. అందులో పెద్ద వాటా శ్రీకాకుళానిదే. బెజవాడ వాళ్ళం మేం ఇన్నేళ్ళలో అందులో చూసిందెంతంటే, బందరు దగ్గర కాస్తా, విశాఖపట్నంలో మరికాస్తా. ఆ పై ఒడ్డంతా మా బోటివాళ్ళకి పూరీ వెళ్ళే రైల్లో నిద్రపోతుండగా దాటిపోయేదే.

ఇక ప్లాను. ఇంట్లో ఒక్కరు వేస్తే అది ప్లాను, నలుగురు వేస్తే పార్లమెంటు. మావారి పద్ధతి ఏమిటంటే కిలోమీటర్లని అరవైతో భాగించడం. విశాఖ నుంచి శ్రీకాకుళం 110 కిలోమీటర్లు గనక రెండు గంటలు, కాఫీకి పది నిమిషాలు. ఆ లెక్కన మేం నాలుగు రోజుల్లో పూరీ, కోణార్కు, భువనేశ్వరం చూసుకుని, మిగిలిన పూట కటకం కూడా చూడొచ్చు. మా అబ్బాయి పంపిన జాబితాలో ముప్ఫై ఒక్క చోట్లు ఉన్నాయి, ఒక్కొక్కదానికి టైముతో సహా. సూర్యోదయానికి నలభై నిమిషాలు కేటాయించాడు. గుంటూరు నుంచి మా ఆడపడుచు గుళ్ళ వరస చెప్పింది. అన్నీ విన్నాను. విని, పాలలెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో నా ప్లాను నేను రాసుకోవడం మొదలెట్టాను.

నా లెక్కలో మొదటిది కిలోమీటర్లు కాదు. చెప్పడానికి మొహమాటమేగాని, మనలో మనం అనుకోకపోతే ఎవరనుకుంటారు? బాత్రూములు. తెల్లవారుజామున కాఫీ మానేసి, దారిపొడుగునా నీళ్ళ సీసా వంక చూడకుండా, సాయంత్రానికి తలనొప్పితో దిగడం మన ఆడవాళ్ళకి అబ్బిన విద్య. రోడ్డు పక్కన కారాపించి, ‘ఇప్పుడే వస్తా’నంటూ దిగిపోయే మగవాళ్ళకి ఇది ఒక సమస్యే కాదు. అందుకని ప్రతి గంటన్నరకీ ఓ కాస్త శుభ్రమైన హోటలో, పెట్రోలు బంకో రావాలి. జాతీయ రహదారి మీద ఫరవాలేదు. ఇప్పుడు దానికి 16వ నంబరు. మా చిన్నప్పటి అయిదో నంబరు రోడ్డే. రహదారి దిగి సముద్రం వైపు తిరిగితేనే కష్టం. కనుక దిగేముందర ఓసారి, ఎక్కగానే ఓసారి. మావారు చదివి నవ్వారు. నవ్వనిమ్మన్నాను.

రెండో లెక్క మా అత్తగారు.

ఆవిడకి డెబ్భై తొమ్మిది. మోకాళ్ళు నొప్పి, బి.పి. మాత్రలు, మధ్యాహ్నం ఓ కునుకు. ఈ అయిదు రోజులూ ఆవిణ్ణి గుంటూరులో కూతురి దగ్గర దింపాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. అనుకున్నారంటే, ఎవరూ పైకి అనలేదు, అనుకోవడం మాత్రం అయిపోయింది. మావారి ప్లానులో ఆవిడ లేరు, మా అబ్బాయి జాబితాలోనూ లేరు. ఆవిడ కూడా ‘నేనెందుకర్రా, మీరు వెళ్ళిరండి’ అనేశారు. మామూలుగా పెద్దవాళ్ళనే మాటే.

ఆ రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద ఫోనులో మ్యాపు పెట్టుకుని, నేను పేర్లు పైకి చదువుతుంటే మావారు కిలోమీటర్లు చెబుతున్నారు. ఆవిడ పక్కన కూర్చుని మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. టెక్కలి, పలాస, మందస... ‘సోంపేట’ అన్నాను. చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది.

‘సోంపేట నుంచి బారువకి ఇప్పుడు ఎంతసేపే అమ్మాయ్? మాకు ఎడ్లబండి మీద ఓ పూట పట్టేది’ అన్నారు. అని కాస్సేపాగి, మ్యాపు వైపు వంగి, ‘ఏటీ, అంత దగ్గరగా ఉన్నాదేటి?’ అన్నారు.

నేను ఈ ఇంటికొచ్చి ముప్ఫై మూడేళ్ళు. ఆవిడ నోట ‘ఏటి’ అన్న మాట వినడం అదే మొదలు. ఆవిడ పుట్టింది ఆ పక్కనేనని తెలుసు. ఉద్దానంలో, బారువకి దగ్గర్లో చిన్న ఊరు. మామగారు ఉద్యోగరీత్యా నౌపడలో ఉప్పు కొటార్ల దగ్గరుండగా కుదిరిందిట సంబంధం. పద్ధెనిమిదేళ్ళకి కృష్ణాజిల్లా వచ్చేశారు. మొదట్లో ఏడాదికోసారి, తరవాత పురుళ్ళకి, ఆ తరవాత తమ్ముడి పెళ్ళికి. ఆఖరిసారి వెళ్ళింది తండ్రి పన్నెండో రోజుకి. నలభై ఏళ్ళు దాటింది. తమ్ముళ్ళు ఉద్యోగాలకని తలో దిక్కూ వెళ్ళిపోయారు, ఇద్దరూ ఇప్పుడు లేరు. పుట్టింట్లో మనుషులుంటే వెళ్ళడానికి ఏదో ఓ కారణం దొరుకుతుంది. మనుషులు లేని పుట్టింటికి ఏ కారణం చెప్పుకుని వెళ్ళడం?

‘మరి పూరీ నాలుగుసార్లు వెళ్ళారు కదమ్మా, దారిలోనే కదా?’ అన్నారు మావారు.

‘యాత్రా బస్సు మధ్యలో ఆపుతాడేంట్రా? అదీ రాత్రిపూట. కాశీబుగ్గ దాటిందగ్గర్నించీ మేలుకునే ఉండేదాన్ని. చీకట్లో ఏం కనపడుతుంది? వాసన మాత్రం తెలిసేది.’

ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు. మావారు ఫోను బోర్లా పెట్టేశారు. ఆ రాత్రితో కటకం, కోణార్కు ప్లానులోంచి వెళ్ళిపోయాయి.

పూరీ అంత తేలిగ్గా వెళ్ళలేదు సుమండీ. గోపాలపురం దాకా వెళ్ళి జగన్నాథుణ్ణి చూడకుండా వెనక్కి తిరుగుతారా అని ఆడపడుచు, పక్కింటి పిన్నిగారు, ఆఖరికి పాలబ్బాయి కూడా. గోపాలపురం నుంచి పూరీ ఇంకో మూడు నాలుగు గంటల దారి. చిలకా సరస్సు చుట్టూ తిరిగి వెళ్ళాలి. ‘పక్కనే’ అనే మాట మ్యాపు మీదే బావుంటుంది. ఆ పంచాయితీ అత్తగారే తెంపారు. ‘ఆయన్ని నాలుగుసార్లు చూశాను. నేనొచ్చానని ఆయనకి తెలుసు’ అన్నారు.

డాక్టరు ఏమంటాడోనని భయపడ్డాం. గంటన్నరకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి, నీళ్ళు బాగా తాగించండి అన్నాడాయన. చూశారా, నా బాత్రూముల లెక్కకి డాక్టరు ముద్ర కూడా పడింది!

ఎప్పుడు వెళ్ళాలన్నది ఇంకో తగువు. అబ్బాయికి దసరా సెలవులు వీలుట. నేను వద్దన్నాను. ఈ ఒడ్డుకీ అక్టోబరుకీ పడదు. 2013 అక్టోబరు 12న పైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి ఉద్దానంలో కొబ్బరిచెట్లని అగ్గిపుల్లల్లా విరిచిపారేసింది. వేసవిలో ఉక్క, ఇసుక మీద కాలు పెట్టలేం. మార్చిలో అయితే అరసవిల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజులు చూడొచ్చు. అది ఏడాదిలో మార్చిలోనూ అక్టోబరులోనూ మాత్రమే. కాని మార్చి అంటే మనవల పరీక్షలు. జనవరి నెలాఖరుకి చలి సుఖంగా ఉంటుంది, పక్షులుంటాయి, జీడిమామిడి తోటలు పూత మీదుంటాయి. ఒక్కటే చూసుకోవాలి, రథసప్తమి. ఆనాడు అరసవిల్లిలో ఇసకేస్తే రాలదు, శ్రీకాకుళంలో గది దొరకదు. ఆడపడుచు కోపగించుకున్నా సరే, ఆ రోజుకి అటూ ఇటూ రెండేసి రోజులు వదిలేశాను.

మొదటి రోజు ఎక్కువ రాయలేదు. రైలు దిగి, టిఫిను చేసి, బీచి రోడ్డున భీమిలి. ఆ పాతిక ముప్ఫై కిలోమీటర్లూ ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. దారిలో తొట్లకొండ, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధుల విహారం. కొండరాయిలో నీళ్ళకోసం తొలిచిన తొట్లున్నాయి గనక ఆ పేరు. బౌద్ధ భిక్షువులు ఎక్కడ కాపురం పెట్టినా ముందు నీళ్ళూ, ఆ తరవాత సముద్రం కనిపించే చోటూ చూసుకునేవారల్లే ఉంది. ఇల్లు కట్టేవాళ్ళు నేర్చుకోవలసిన సంగతే. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు, డచ్చివాళ్ళ సమాధులు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరది. ఇప్పటికీ పొద్దున్నే తొందరపడనట్టుంటుంది. అబ్బాయి జాబితాలో ‘స్నానం: రుషికొండ’ అని ఉంది. దాన్ని కొట్టేశాను. విశాఖ సముద్రం చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో అడుగున అంత గుంజుతుంది. ప్రతి ఏడాదీ పేపర్లో చదువుతూనే ఉన్నాం. కాళ్ళు తడుపుకోవడం, ముంత మసాలా తినడం. అంతే.

రాత్రికి శ్రీకాకుళం. అక్కడ రెండు రాత్రులు. ఇదొక్కటి మాత్రం ప్లాను వేసుకునే అక్కచెల్లెళ్ళందరూ నా మాట వినండి: రోజుకో ఊళ్ళో గది తీసుకుంటే పొద్దున్నే సగం జీవితం పెట్టెలు సర్దడంతో సరి. తడిచీర ఆరదు, మాత్రల డబ్బా కనపడదు. రెండేసి రాత్రులు ఒకచోట పడుకుంటే ప్రయాణంలోనూ ఇల్లున్నట్టుంటుంది.

రెండో రోజు అరసవిల్లి, శ్రీకూర్మం. గుళ్ళు రెండే పెట్టాను, రెండూ శ్రీకాకుళానికి దగ్గరే. విష్ణుమూర్తిని కూర్మంగా కొలిచే గుడి ఎక్కడో కాని ఉండదు. రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ళు, వాటికి ఆకుకూర పెట్టే భక్తులు. ఆడపడుచుకి ఈ రెండు పేర్లూ చెప్పేసరికి కాస్త శాంతించింది. మధ్యాహ్నం అత్తగారి కునుకయ్యాక కళింగపట్నం: వంశధార సముద్రంలో కలిసేచోటు, పాత దీపస్తంభం, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. శాలిహుండంలో బౌద్ధస్తూపాలున్న కొండ దారిలోనే గాని మెట్లెక్కాలి. మావారు ఎక్కివస్తారు. మేమిద్దరం కింద వంశధారని చూస్తూ కూర్చుంటాం.

మూడోనాడు పొద్దున్న వెనక్కి కొంచెం మళ్ళి పొందూరు. ‘లోకల్ కల్చర్’ అని అబ్బాయి జాబితాలో ఓ శీర్షిక ఉంది. దానికింద తప్పెటగుళ్ళు అని రాసి, ఎదురుగా ‘సాయంత్రం 6 నుంచి 7’ అన్నాడు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని గుండ్రంగా ఎగిరే ఆ ఆట అమ్మవారి పండగలకీ, జాతరలకీ వాళ్ళు వాళ్ళకోసం ఆడేది. ఆరింటికి సిద్ధంగా ఉండమంటే ఉంటుందా? దారిలో ఎక్కడైనా చప్పుడు వినిపిస్తే కారాపుదాం అని రాసుకున్నాను. వినిపించకపోతే లేదు. పొందూరులో మాత్రం ఏ రోజు వెళ్ళినా చూడవలసింది చూడొచ్చు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని పళ్ళుండే ఎముక అది, మన ఈరుపెన లాంటిది. ఆ దువ్విన దూదిని ఏకులు చేసి రాట్నం మీద 100 నంబరు నూలు వడుకుతారు, చాలామటుకు పెద్దవయసు ఆడవాళ్ళే. చేప ఎముకతో పత్తి దువ్వాలని మొట్టమొదట ఎవరికి తోచిందో గాని, వంటింట్లోకి చేప వచ్చే ఇల్లాలికే తోచి ఉంటుందని నా నమ్మకం. మావారికి పంచె కొంటాను. అక్కడి ధర చూసి ‘ఇంతా?’ అనకుండా ముందు వాళ్ళు వడికేది చూపించి, తరవాత కొట్టుకి తీసుకెళ్ళాలని వరస కూడా రాసుకున్నాను.

అక్కణ్ణించి టెక్కలి దగ్గర తేలినీలాపురం. సెప్టెంబరులో ఎక్కడెక్కణ్ణించో గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీదా తుమ్మచెట్ల మీదా గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని ఊళ్ళోవాళ్ళ నమ్మకం. తరవాత పలాస. జీడిపప్పు పేరు చెబితే మనకి పాయసం గుర్తుకొస్తుంది. ఆ గింజ పెంకులో ఒంటికి తగిలితే కాల్చే జీడి ఉంటుంది. పెంకు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే పాయసంలో రెండు పలుకులు తక్కువేసినా గొణగరు ఎవరూ. వీలైతే మందస వెళ్ళి కోవా. రాత్రి బస పలాసలో.

ఇక నాలుగోరోజు.

మావారు మొదట దానికింద ‘బారువ - 2 గంటలు’ అని రాశారు. బీచి, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేచోటు, ఫోటోలు. అత్తగారు అది చూసి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని, నా పాలపుస్తకం అడిగి తీసుకుని, రెండు గంటలు అన్నది కొట్టేసి, ‘రోజంతా’ అని రాశారు. ఆవిడ అక్షరాలు ఇప్పటికీ గుండ్రంగా ముత్యాల్లా ఉంటాయి.

‘రోజంతా అక్కడేం చేస్తావమ్మా?’ అన్నారు మావారు.

‘కూర్చుంటాను.’

ఆనాటి నుంచి రోజూ కొంచెం కొంచెంగా చెబుతున్నారు. ఉద్దానమంటే ఉద్యానవనమేట. కొబ్బరి, పనస, జీడిమామిడి. ఎండ నేల మీద పడేది కాదుట. ఇసకనేల గనక బావి నాలుగు నిలువులు తవ్వితే తియ్యటి నీళ్ళు. ఇప్పుడు ఆ పేరు పేపర్లో మూత్రపిండాల జబ్బుల వార్తల్లోనే కనిపిస్తుంది. ఆవిడ ఆ వార్త వచ్చిన పేజీ చదవకుండా తిప్పేస్తారని ఇప్పుడు గమనించాను. ఇంటి వెనక తోట, తోట దాటితే మొగలిపొదలు, అవి దాటితే సముద్రం. రాత్రిపూట ఆ హోరు లేకుండా నిద్రపట్టేది కాదనీ, మా ఊరొచ్చిన కొత్తలో నిశ్శబ్దానికి మెలకువొచ్చేసేదనీ చెప్పారు. ఒకరోజు, చిన్నప్పుడు మాఘమాసపు రాత్రి తండ్రి లాంతరు పట్టుకుని తీసుకెళ్ళి, ఇసకలో గుడ్లు పెడుతున్న పెద్ద తాబేలుని చూపించిన సంగతి చెప్పారు.

ఆ తాబేళ్ళు ఇప్పటికీ వస్తాయి. ఆలివ్ రిడ్లే అంటారు వాటిని. జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఒడ్డెక్కి, ఇసకలో గొయ్యి తీసి, వందకి పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతాయి. నక్కలూ కుక్కలూ తవ్వకుండా ఆ గుడ్లు తీసి కంచె వేసి కాపాడి, నెలన్నర పైన పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. గోపాలపురం దాటాక రుషికుల్య నది కలిసేచోట అయితే కొన్ని సంవత్సరాల్లో లక్షల్లో ఒకేసారి వస్తాయి. ఇదంతా నేను చదివి వినిపిస్తూ, ‘వీటిలో విచిత్రమేమిటంటే అత్తయ్యగారూ, పుట్టిన ఒడ్డుని గుర్తుపెట్టుకుని, పెద్దయ్యాక ఎంత దూరాన్నించయినా సరే ఆ వైపుకే వచ్చి గుడ్లు పెడతాయిట’ అన్నాను.

‘పురిటికి పుట్టిల్లన్నమాట’ అన్నారావిడ. కాస్సేపు ఆలోచించి, ‘అక్కడ ఎవరుంటారు వాటికి?’ అన్నారు.

‘ఎవరూ ఉండరండీ. ఇసకే.’

‘అయినా వస్తాయన్నమాట.’

నేను పుస్తకం వంక చూస్తూ ఉండిపోయాను. ఆవిడ లేచి, మోకాలు పట్టుకుని, తులసికోట దగ్గరికి వెళ్ళారు.

ఇల్లుందో లేదో ఎవరికీ తెలియదు. తమ్ముళ్ళు ఎప్పుడో అమ్మేశారు. తిత్లీ తరవాత ఆ పక్క ఎన్ని చెట్లు మిగిలాయో! ‘అక్కడేమీ లేకపోతే అమ్మ తట్టుకోలేదు, ఏడుపే మిగుల్తుంది’ అంటూ ఆడపడుచు ఫోనులో తనే ఏడ్చింది. ఆ మాటలో తప్పేమీ లేదు. మావారి స్నేహితుడి తమ్ముడు సోంపేటలో పనిచేస్తున్నాట్ట, ముందుగా ఓసారి వెళ్ళి చూసి చెప్పమందామా అని అత్తగారినే అడిగాను.

‘వద్దు’ అన్నారు. ‘ఉందో లేదో నేను వెళ్ళి చూస్తాను. ఫోనులో వినేదానికి అంతదూరం వెళ్ళడమెందుకు?’

అందుకని ఎవరినీ అడగలేదు. నాలుగోరోజు కాయితం మీద బారువ, రోజంతా అని తప్ప ఇంకేమీ లేదు. నీడ, మంచినీళ్ళు, ఉప్మా పొట్లాలు, వెనక్కి సోంపేట రావడానికి పదిహేను నిమిషాలు, అవసరమైతే అక్కడ డాక్టరు. ఇవి మాత్రం అంచున చిన్నక్షరాలతో రాశాను. చీకటిపడ్డాక గోపాలపురం చేరితే చాలు.

అయిదోరోజు మావారిదీ నాదీ. పొద్దున్న గోపాలపురం సముద్రం, తరవాత చిలకా ఒడ్డున రంభ. చలికాలపు పక్షులు అక్కడ కావలసినన్ని. డాల్ఫిన్లు కనబడతాయా అని అబ్బాయి అడిగాడు. అవి సరస్సుకి ఆవలి పక్క, సాతపడా దగ్గర. మళ్ళీ వెనక్కి బరంపురం. అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యేదాకా అది మద్రాసు రాష్ట్రంలోదే. మన రాష్ట్రపతి వి.వి. గిరిగారు పుట్టిన ఊరు. బరంపురం పట్టుచీరల అంచు మీద గుడి గోపురాల వరస ఉంటుంది. పాలపుస్తకంలో ‘బరంపురం - 3 గంటలు’ అని చూసి మావారు, ‘ఊరికే వెళ్ళొద్దామన్నావుగా?’ అన్నారు.

‘ఊరికే ఇస్తారేమిటండీ చీర?’ అన్నాను.

రాత్రి బరంపురంలో రైలెక్కితే పొద్దున్నకి ఇల్లు. ఖాళీ కారు వెనక్కి వెళ్ళడానికి డ్రైవరుకి డబ్బు ఇచ్చుకోవాలని ఆయన ఒక రోజంతా బాధపడ్డారు. వెళ్ళినదారినే అత్తగారిని మళ్ళీ అంతదూరం కూర్చోబెట్టడం కంటే అది చవకే. ఒప్పుకున్నారు. టిక్కెట్లయ్యాయి. ఆవిడకి కింది బెర్తు వచ్చింది.

ఇక మిగిలింది ఒక చిక్కు. ఆవిడ కింద కూర్చుంటే లేవలేరు. ఇసకలో బెంచీలుండవు. రోజంతా కూర్చుంటానన్నారు గాని, దేనిమీద? ఈ సంగతి నేనింకా అననేలేదు, నిన్న సాయంత్రం మావారు గవర్నరుపేట వెళ్ళి ఒక మడత కుర్చీ కొనుక్కొచ్చారు. హాలు మధ్యలో వేసి, తను కూర్చుని చూసి, లేచి, తల్లిని కూర్చోబెట్టారు. ఆవిడ అటూ ఇటూ కదిలి, చేతులు ఆనించి చూసుకుని, ‘బానే ఉంది గాని, ఒక్కటేంట్రా? నేను కూర్చుంటే మీరిద్దరూ రోజంతా నిలబడతారా?’ అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం ఇంకో రెండు తెచ్చారు, డ్రైవరుకి కూడా ఉండాలని ఇంకొకటి. నాలుగు కుర్చీలూ మంచం కింద పెట్టాను. ఇవి రైల్లో ఎలా పట్టుకెళ్ళాలో, డిక్కీలో పెట్టాక పెట్టెలకి చోటుంటుందో లేదో, రేపు ఆ విశాఖపట్నం డ్రైవరుకి ఫోను చేసి కనుక్కోవాలి.